గోడయు, తోడును

హైదరాబాదు నగరమున లక్డీకాపూల్ మిక్కిలి రద్దీగల ప్రదేశము. ఉర్దూ భాషలో 'లక్డీ' యనగా కొయ్య. 'పుల్' అనగా వంతెన. పూర్వము అచ్చట నుండిన కొయ్యవంతెన నేడు లేదు. దాని పేరు మాత్రము నిలిచియున్నది. ఆ పేరుతో రైలు స్టేషనొకటియు, 2018వ సంవత్సరము నుండి మెట్రో స్టేషనొకటియు అచ్చట కలవు. చుట్టుప్రక్కల రవీంద్రభారతి, శాసనసభా భవనము, నీలోఫర్ ఆసుపత్రి ఉన్నవి. వాని నడుమ కార్యాలయములు, హోటళ్లు, అంతస్తుపై అంతస్తుగా లేచిన ఇండ్లు. ఇన్నియు కలవు గాని, పిల్లలు పరుగెత్తుటకు నేల మాత్రము కొఱవడినది.

అట్టి చోట నివసించు ఎనిమిదవ తరగతి విద్యార్థి నొకనిని ఊహింపవచ్చును. పాఠశాలలో వారమునకు ఒకటి రెండు పర్యాయములు వాలీబాల్ ఆడించుదురు. వల మీదుగా ఎగిరి, బంతిని అవతలి నేలకు బలముగా కొట్టు 'స్మాష్' అతని మనస్సును దోచుకొన్నది. దీనినే 'స్పైక్' అనియు అందురు. సాయంకాలము ఇంటికి వచ్చిన పిమ్మట చేతిలో బంతి యున్నది, తోడివారు లేరు. ఒకడు ట్యూషనుకు పోయినాడు. మఱియొకని ఇల్లు నాంపల్లి అవతల నున్నది. ఇంకొకనిని చీకటి పడిన పిదప తల్లి బయటికి పంపదు. లాల్ బహదూర్ స్టేడియము సమీపముననే యున్నను, నడుమనున్న రహదారులను దాటి ఒంటరిగా పోవుటకు పెద్దలు సమ్మతింపరు. అప్పుడతనికి కలుగు ప్రశ్న యొక్కటే: స్మాష్‌ను ఒంటరిగా సాధన చేయవచ్చునా? చేయవచ్చునేని, అందులకు ఏయే పరికరములు వలయును?

ఈ ప్రశ్న చిన్నదిగా తోచును. కాని దీనికి తప్పు సమాధానము దొరకినచో కలుగు నష్టము చిన్నది కాదు. ఒక బాలుడు, 'పరికరములు లేనిదే ఆట రాదు. కొనుటకు తండ్రివద్ద ధనము లేదు. కావున ఈ ఆట నాకు కాదు' అని బంతిని మంచము క్రిందికి నెట్టును. మఱియొకడు తల్లిదండ్రులను పీడించి విలువగల సాధనమును కొనిపించును. నెల దాటక మునుపే అది వసారాలో తుప్పు పట్టుచుండును. మొదటివాడు ఆటను కోల్పోవును. రెండవవాడు ధనమును కోల్పోవును. సరియైన మార్గము ఈ రెండింటి నడుమ కలదు. అది తెలియవలెనన్నచో ముందుగా స్మాష్ స్వభావమును తెలిసికొనవలెను.

1895వ సంవత్సరమున అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమందు హోలియోక్ పట్టణపు వై.ఎం.సి.ఎ.లో విలియం జి. మోర్గాన్ అను వ్యాయామోపాధ్యాయుడు వాలీబాల్‌ను కల్పించెను. బాస్కెట్‌బాల్ వలని శ్రమను ఓర్వజాలని నడివయస్కుల కొఱకు ఆయన ఈ ఆటను సిద్ధపఱచెను. నాడు బంతిని వల మీదుగా అటునిటు పంపుటయే గాని, ఎగిరి కొట్టుట లేదు. 1916 ప్రాంతమున ఫిలిప్పీన్స్ దీవులలో ఒకరు బంతిని వల ప్రక్కన ఎత్తుగా లేపుటయు, మఱియొకరు ఎగిరి దానిని కొట్టుటయు వాడుకలోనికి వచ్చెను. అటు పిమ్మట ఆట రూపమే మాఱిపోయెను. 1964వ సంవత్సరమున టోక్యో ఒలింపిక్ క్రీడలలో వాలీబాల్‌కు స్థానము లభించెను.

ఇందు గమనింపదగిన విషయమొకటి కలదు. స్మాష్ పుట్టినప్పుడే ఇద్దరి పనిగా పుట్టినది. ఆట నియమములును ఈ విషయమునే చాటుచున్నవి. ఒక జట్టువారు బంతిని మూడు పర్యాయములకు మించి తాకరాదు. అడ్డుకొను 'బ్లాక్' ఈ లెక్కలోనికి రాదు. ఆ బ్లాక్ తరువాత తప్ప, ఒకే ఆటగాడు వరుసగా రెండు పర్యాయములు బంతిని కొట్టరాదు. ఒకడు ఎదుటివారి బంతిని అందుకొనును. రెండవవాడు దానిని లేపును. మూడవ తాకుడు స్మాష్ అగును. తానే లేపి తానే కొట్టుటకు నియమము ఒప్పుకొనదు. చూచువారి చప్పట్లు మూడవవానికి దక్కును. కాని అందులో ఇద్దరి శ్రమ ముందుగనే దాగియున్నది.

అట్లైనచో ఒంటరి సాధన వ్యర్థమా? వ్యర్థము కాదు. స్మాష్ ఒక్క పనివలె కన్పట్టినను, అది కొన్ని పనుల కూర్పు. కుడిచేతివాడు ఎడమ, కుడి, ఎడమ యని మూడు అడుగులు వేయును. తొలి అడుగు నెమ్మదిగను, తరువాతి రెండును వడిగను పడవలెను. చేతులు రెండును వెనుకకు ఊగి, ఎగురు క్షణమున పైకి లేవవలెను. ఎడమచేయి బంతివైపు చూపుచుండగా కుడిమోచేయి చెవికి పైగా వెనుకకు లాగబడి, ఎక్కుపెట్టిన విల్లువలె వంగవలెను. అఱచేయి విప్పియుండి బంతి పైభాగమును తాకవలెను. మణికట్టు చుఱుకుగా ముందుకు వంగవలెను. అట్లు వంగినపుడు బంతి ముందువైపునకు గిఱ్ఱున తిరుగును. ఆ తిరుగుటవలన గాలి దానిని క్రిందికి నెట్టును. బంతి హద్దు దాటక ముందే నేలకు దిగును. తుదకు రెండు కాళ్లమీద, మోకాళ్లు వంచి, మెత్తగా వ్రాలవలెను. అడుగులు, ఎగురుట, చేయూపు, మణికట్టు, వ్రాలుట — ఈ ఐదింటిని ఒంటరిగా సాధింపవచ్చును. సాధింపవలెను కూడ. ఏలయన, ఆటస్థలమున తోడివారి సమయమును తన తప్పటడుగులను దిద్దుకొనుటకు వెచ్చించుట న్యాయము కాదు.

ఇక పరికరముల మాట. అన్నింటికన్న చౌకయైనదియు, అన్నింటికన్న మేలైనదియు గోడయే. గోడకు మూడు నాలుగు మీటర్ల దూరమున నిలిచి, బంతిని ఎడమచేతితో పైకి విసరి, గోడకు సుమారు ఒక మీటరు ఇవతల నేలమీద పడునట్లు కుడిచేతితో కొట్టవలెను. అది నేలకు తగిలి, గోడను తాకి, మరల పైకి లేచి కొట్టినవాని యొద్దకే వచ్చును. మణికట్టు వంగనిచో బంతి నేలను తాకక సూటిగా గోడకు తగులును. చేయి ప్రక్కకు జాఱినచో బంతియు ప్రక్కకు పోవును. ఇట్లు గోడ ప్రతి తప్పును వెంటనే తెలుపును. అది కోపింపదు, పొగడదు, అలసిపోదు. పదిమార్లు వరుసగా బంతిని తన యొద్దకు రప్పించుకొనగలవాడు మణికట్టును కొంతవఱకు వశపఱచుకొన్నట్లే.

రెండవది వ్రేలాడదీసిన బంతి. పాతబంతిని వల సంచిలో కట్టి, త్రాటితో గట్టి చెట్టుకొమ్మకో ఇనుపకమ్మికో వ్రేలాడదీయవచ్చును. దాని ఎత్తును నిర్ణయించుటకు సులభమైన పద్ధతి కలదు. వ్రేళ్లకు సుద్దపొడి పూసికొని గోడ ప్రక్కన ఎగిరి, అందినంత ఎత్తున గుర్తు పెట్టవలెను. ఆ గుర్తుకు నాలుగు వ్రేళ్ల వెడల్పు క్రిందుగా బంతి నడిభాగముండునట్లు త్రాటిని సరిచేయవలెను. అడుగుల లెక్కయు, చేయి పూర్తిగా చాచి శిఖరమున కొట్టుటయు దీనివలన అలవడును. విద్యుత్తు స్తంభములకు గాని, కిటికీ చువ్వలకు గాని త్రాటిని ఎన్నడును కట్టరాదు.

మూడవది అంగడిలో దొరకునది. ఎత్తు తగ్గింపను పెంచను వీలైన ఇనుపకంబము పైన ఒక చేయి యుండి, అది బంతిని మెల్లగా పట్టియుంచును, కొట్టగనే వదలివేయును. వ్రేలాడు బంతివలె కాక, ఇందు బంతి నిజముగా ఎగిరిపోవును. ఎచ్చట పడినదో చూచుకొనవచ్చును. ఇది మంచి సాధనమే. కాని ఒక్క బంతితో దీనియొద్ద సాధన చేయువాడు కొట్టుటకన్న బంతి వెంట పరుగెత్తుటకే ఎక్కువ కాలము వెచ్చింపవలసియుండును. నడుమునకు పట్టీ కట్టి, సాగెడు త్రాటితో బంతిని దానికి తగిలించు సాధనమును కలదు. కొట్టిన బంతి తిరిగి వచ్చునను సౌకర్యముతో పాటు, అది ముఖమునకు వచ్చి తగులునను భయమును ఇందు కలదు. కడపటిది యంత్రము. ఎదురెదురుగా తిరుగు రెండు చక్రముల నడుమనుండి అది బంతులను విసరును. విద్యుత్తు, చాలినన్ని బంతులు, ఏఱి తెచ్చువారు, విశాలమైన స్థలము — ఇవన్నియు దానికి వలయును. పెద్ద జట్లకు అది ఉపకరించును. లక్డీకాపూల్ సందులో నివసించు బాలునికి దానితో పనిలేదు.

'ఇట్టి సాధనములు లేకుండుటచేతనే పిల్లలు వెనుకబడుచున్నారు' అని కొందఱందురు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత వారికి వర్తింపకపోదు. క్రికెట్ ఆటలో పేరొందిన డొనాల్డ్ బ్రాడ్‌మన్ బాల్యమున ఆస్ట్రేలియాలోని బౌరాల్ అను చిన్న పట్టణమున ఉండెను. ఇంటి వెనుకనున్న నీటితొట్టి ఇటుకల పునాదికి గోల్ఫ్ బంతిని విసరి, అది వడిగా తిరిగి వచ్చునపుడు క్రికెట్ వికెట్టు కఱ్ఱతో దానిని కొట్టుచుండెడివాడు. బ్యాటు కన్న కఱ్ఱ సన్నము. క్రికెట్ బంతి కన్న గోల్ఫ్ బంతి చిన్నది. ఆ బాలుడు పెద్దవాడై టెస్టు పోటీలలో సగటున 99.94 పరుగులు సాధించెను. ఆ గోడయే ఆయనను అంతటివానిని చేసినదనుట సరికాదు. కాని గోడ చాలదని ఆయన కూర్చుండలేదనుట మాత్రము సత్యము.

ఐనను, ఒంటరి సాధనకు హద్దు కలదు. లేపిన బంతి ఐదు మీటర్ల ఎత్తునకు పోయినదనియు, దానిని మూడు మీటర్ల ఎత్తున కొట్టవలెననియు అనుకొన్నచో, ఆ రెండు మీటర్లు పడుటకు దానికి పట్టు కాలము సుమారు 0.64 సెకను మాత్రమే. ఆ స్వల్పకాలములో కాళ్లు నేలను విడువవలెను, చేయి వెనుకకు పోవలెను, అఱచేయి బంతిని కలియవలెను. వ్రేలాడు బంతికి కాలమే లేదు. అది ఎంతసేపైనను కొట్టువానికొఱకు వేచియుండును. ఆలస్యముగా ఎగిరినను దొరకును; తొందరపడినను దొరకును. దానితోనే నెలల తరబడి సాధన చేసి ఆటస్థలమునకు వచ్చినవాడు, పడుచున్న బంతిని చూచి ఎప్పుడు ఎగురవలెనో తెలియక గాలిని కొట్టి దిగివచ్చును. గోడ ఈ విషయమున కొంత మేలు; అది కదలు బంతిని పంపును. కాని గోడకును ఒక్కటే గుణము. ఎట్లు కొట్టిన అట్లే పంపును. లేపువాడు అట్లు కాదు. ఒకప్పుడు బంతి వలకు దగ్గఱగా, ఒకప్పుడు దూరముగా, ఒకప్పుడు తక్కువ ఎత్తున వచ్చును. ఎదుట ఇద్దరు చేతులెత్తి అడ్డు నిలుతురు. 9 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు గల అవతలి భాగమున ఖాళీ ఎచ్చటనున్నదో ఎగిరిన తరువాత చూడవలెను. ఈ విద్యను ఏ పరికరమును నేర్పజాలదు. చేతిని గోడ నేర్పును. కంటిని తోడు నేర్పును.

భారతదేశపు వాలీబాల్ చరిత్రలో జిమ్మీ జార్జ్ పేరు సుప్రసిద్ధము. ఎంతో ఎత్తునకు ఎగిరి కొట్టుటలో ఆయనకు సాటిలేరని ప్రేక్షకులు చెప్పుకొనెడివారు. 1976లో ఆయనకు అర్జున పురస్కారము లభించెను. ఇటలీ దేశపు జట్లలోను ఆయన ఆడెను. 1987లో ఆ దేశముననే ప్రమాదమున మరణించెను. ఆయన జన్మస్థలము కేరళలోని పేరావూర్. ఆ ఇంట ఎనిమిదిమంది సోదరులు. ఎనమండుగురును వాలీబాల్ ఆటగాండ్రు. ఆ సోదరులే ఒక జట్టుగా ఆడిరి. అట్టి ఇంట లేపువానికి గాని, అడ్డుకొనువానికి గాని కొఱత యెక్కడిది?

1986లో సియోల్ ఏషియన్ క్రీడలందు కాంస్యపతకమును గెలిచిన భారత జట్టులో జిమ్మీ జార్జ్‌తో పాటు తెలుగువాడైన పి.వి. రమణ యుండెను. 2000వ సంవత్సరమున ఆయనకును అర్జున పురస్కారము లభించెను. ఆయన భార్య పి. విజయయు వాలీబాల్ క్రీడాకారిణియే; బ్యాడ్మింటన్‌లో ఖ్యాతి గడించిన పి.వి. సింధు వారి కుమార్తె. హైదరాబాదు ఆటగాడు అబ్దుల్ బాసిత్ 1989లో అర్జున పురస్కారమును పొందెను. వీరెల్లరును జట్టులో పెరిగిన వారే.

లక్డీకాపూల్ బాలునికి ఎనమండుగురు సోదరులు లేరు. అది అతని తప్పు కాదు. ఇంటియందు దొరకని తోడును పాఠశాల కల్పింపవలెను. ఇచ్చట పెద్దల బాధ్యత కన్పట్టుచున్నది. అనేక పాఠశాలలలో గంట కొట్టిన వెంటనే ద్వారమునకు తాళము పడుచున్నది. లోపల గోడ ఖాళీగా నుండును. వెలుపల బాలుడు బంతితో నిలిచియుండును. ఆ తాళమును ఒక గంట ఆలస్యముగా వేయుట ఏ పరికరము కన్నను విలువైన సహాయము. ప్రహరీగోడపై వల ఎత్తును సూచించు గీతనొకదానిని గీయించుటకు వ్యయమెంత? పురుషుల వల 2.43 మీటర్లు, స్త్రీల వల 2.24 మీటర్లు, పిల్లలకు వయస్సును బట్టి తగ్గించుకొనవచ్చును. ఇనుపకమ్మినొకదానిని గోడకు బిగించి త్రాటిని వ్రేలాడదీయుట ఒక్క మధ్యాహ్నపు పని. ఇవి చేయకయే, ధనము చాలదు గనుక యంత్రము కొనలేదని చెప్పుట సాకు మాత్రమే యగును.

అనేక పాఠశాలలకు ఆటస్థలమే లేదనియు, ఉపాధ్యాయులు అదనపు గంట నిలువజాలరనియు కొందఱు ఆక్షేపింతురు. ఇందు సత్యము లేకపోలేదు. ఉపాధ్యాయునకును ఇల్లు కలదు, పిల్లలు కలరు. కాని వంతుల చొప్పున వారమునకు రెండు సాయంకాలములు నిర్ణయించినను చాలును. ఆ రెండు దినములు నలుగురు కూడి ఆడుదురు. మిగిలిన దినములు ఒంటరిగా సాధన చేయుదురు. తోడు దొరకు దినము ముందున్నదని తెలిసినవానికి ఒంటరి సాధన విసుగు పుట్టింపదు.

బాలబాలికలును కొన్ని నియమములు పాటింపవలెను. భుజము నొచ్చిన వెంటనే ఆపవలెను. నొప్పితో కొట్టిన ప్రతి దెబ్బయు మఱునాటి ఆటను దొంగిలించును. గట్టి సిమెంటు నేల కన్న మట్టినేలపై ఎగురుట మోకాళ్లకు మేలు. మేడపైన, పిట్టగోడల నడుమ, పరుగెత్తి ఎగురుట ప్రాణాపాయకరము. ఆ పనికి ఎవ్వరును పూనుకొనరాదు. ఇతరుల ఇంటిగోడను బంతితో మోదరాదు. ఆ గోడకు ఆవల రాత్రి పనిచేసి వచ్చి నిద్రించువారుందురు, రోగులుందురు, పరీక్షకు చదువుకొను విద్యార్థులుందురు. అడిగి, అనుమతి పొంది, సమయము నిర్ణయించుకొని ఆడువానిని ఎవ్వరును కసరరు.

పరికరము కొనదలచిన తల్లిదండ్రులు ముందుగా ఒక ప్రశ్న వేసికొనుట మంచిది: గోడయొద్ద నెలదినములు విడువక సాధన చేసిన బిడ్డయేనా ఇది? ఔనన్నచో, శక్తి యున్నవారు కంబమును కొనవచ్చును. అందు దోషము లేదు. దానిని పాఠశాల ఆవరణమున నిలిపి పదిమందిని వాడనిచ్చినచో ఇంకను మేలు. కొన్న పరికరముతో పాటు తోడును దొరకును. గోడయొద్ద నిలువని బిడ్డకు మాత్రము ఏ కంబమును సాధన నేర్పజాలదు.

ఒంటి చేతి చప్పట్లు మ్రోగవని పెద్దల మాట. ఐనను, చప్పట్లలో ఒక చేయి తనదే కదా! ఆ ఒక్క చేతిని సిద్ధముగా నుంచుకొనుట ప్రతి ఆటగాని ధర్మము. ఆటస్థలమున ఒకడు మోకాళ్లు గీసికొని బంతిని అందుకొనును. మఱియొకడు పరుగెత్తి వచ్చి దానిని చక్కగా లేపును. ఆ ఇద్దరి శ్రమయు ఒక్క క్షణము గాలిలో నిలిచియుండును. దానిని వ్యర్థము చేయకుండుటకే లక్డీకాపూల్ బాలుడు గోడయొద్ద ఒంటరిగా చెమటోడ్చుచున్నాడు. కావున ఆ సాధన ఒంటరిది గాని, దాని ఫలము ఒంటరిది కాదు. యంత్రమునకు ముందు గోడ. గోడకు పిమ్మట తోడు. ఈ క్రమమును ఎఱిగినవాడు చిన్న సందులో నున్నను ఆటకు దూరము కాడు.